ఏడాదికి బెత్తెడు

మేకన్‌లో మా ఇంటికి ఉత్తరపు పక్క
ఎండ మొహం ఎరగని నేలచెక్క ఒకటి ఉంది.
ఎర్రమట్టి. వానొస్తే జిగురు, ఎండితే పెంకు.
అక్కడ నేను వేసినవన్నీ
జింకలు పద్దు రాసుకున్నట్టు వరసగా తినిపోయాయి.
హోస్టాలు ముందు. ఆనక అజేలియాలు.
ఆఖరికి గులాబీని, ముళ్లతో సహా.

లువెల్లా ప్రూయిట్ తన నర్సరీలో
షెడ్డు నీడలోంచి ఒక కుండీ ఈడ్చుకొచ్చింది.
"ప్లమ్ యూ. జింక మూతి పెట్టదు.
నీడకి అలగదు. జార్జియా ఆగస్టుకి జడవదు.
ఒక్కటే చిక్కు, దీనికి తొందర తెలీదు."
ఎంత పెరుగుతుందంటే
నాలుగు వేళ్లు చేర్చి చూపించింది. ఏడాదికి.

బెత్తెడు!
రోజుకి పదకొండు మైళ్లు నడిచి
ఉత్తరాలు పంచేదాన్ని నేను.
నాకు బెత్తెడు చెట్టు.

గొయ్యి వెడల్పుగా తియ్యమంది, లోతుగా కాదు.
బంకమట్టిలో లోతు గొయ్యంటే గిన్నె,
నీళ్లు నిలిచి వేళ్లు కుళ్లిపోతాయి.
మొదలు నేలకంటే రెండు వేళ్లు పైకే ఉండాలి,
పీట మీద కూచున్నట్టు.
చుట్టూ పైన్ సూదుల పరుపు, కాండానికి తగలకుండా.
రెండు వేసవులు వారానికోసారి, నిదానంగా, నీళ్లు.
ఎరువంటావా, వసంతంలో గుప్పెడు, అదీ గుర్తుంటే.
కత్తెర మాత్రం దాచెయ్యి అంది.

మొదటేడు అది బతికుందో లేదో తేల్చుకోలేకపోయాను.
రెండోయేడు తేల్చుకోవడం మానేశాను.
నాలుగోయేడు నా మోకాలికి ఆపరేషన్,
కిటికీ పక్క కుర్చీలో ఆరు వారాలు.
పని లేక చెట్టు పెరగడం చూస్తారా ఎవరైనా?
చూశాను.
కొమ్మ కొసల్లో లేత చిక్కుడు గింజ రంగు.
ఆకు తిప్పితే అడుగున రెండు తెల్లచారలు,
రూళ్లకర్రతో గీసినట్టు.
ఒక రాత్రి జింక వచ్చింది, మూతి ఆనించింది,
తుమ్మింది, పోయింది.
ఆ తుమ్ముకి ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను.

తొమ్మిదో శరత్తులో కొమ్మ కింద కాయలు.
ఏడు. ఈతపండంతవి, ఊదాకి తిరుగుతున్నవి.
లువెల్లా ఫోనులో నవ్వింది.
"నీది ఆడచెట్టన్నమాట.
ఈ కాయ పండేసరికి రెండో శరత్తు వస్తుంది.
అంటే నిరుటి వసంతంలో
ఎవడో గాలి చేతికి పుప్పొడి ఇచ్చాడు.
చుట్టుపక్కలే ఉంటాడు, వెతుక్కో."

నా రూటులో నాలుగొందల డెబ్భై గడపలు.
ఇన్నేళ్లూ నంబర్లు చూశాను, కుక్కల్ని చూశాను,
చెట్లని చూడలేదు.
మార్చిలో దొరికాడు.
హార్లన్ గ్యాడిస్ గారి గరాజు గోడకి ఆనుకుని,
కొమ్మల కింద వరసగా మీగడరంగు ఉండలు.
వేలు తగిలితే
పొడి పొగలా లేచింది.

"దండగ చెట్టు," అన్నాడు ముసలాయన గుమ్మంలోంచి.
"ముప్ఫై ఏళ్లు. ఒక్క కాయ లేదు.
శనివారం రంపం మనిషి వస్తున్నాడు."
నేను యూనిఫాంలో ఉన్నాను.
కొట్టొద్దనే హక్కు పోస్టాఫీసుకి లేదు.
కరెంటు బిల్లు చేతికిచ్చి వచ్చేశాను.

స్టాంపు లేనిదేదీ పెట్టెలో వెయ్యకూడదు.
పద్నాలుగేళ్లలో నేను తప్పని రూలు.
శుక్రవారం, కూపన్ల కాగితాల కింద
ఆరు గింజలు పెట్టాను, పొట్లం కట్టి.
పైన రాశాను: ఇవి మీ చెట్టువే,
మా ఇంట్లో కాశాయి.
ఏడోది మా పెరట్లో కుండీలో ఉంది.
మొలవడానికి రెండేళ్లు పట్టొచ్చంది లువెల్లా.
పట్టనీ.

సోమవారం ఆయన పెట్టెకి ఎర్రజెండా ఎత్తి ఉంది.
లోపల ఉత్తరం లేదు.
చించని స్టాంపులు, ఒకే వరసలో, ఆరు.
గరాజు వైపు చూడాలని ఉంది,
మెడ తిప్పాలంటే భయం.
పక్కింటి కుక్క అరుస్తోంది.
ఆ అరుపు వెనక, ఎక్కడా,
రంపప్పొట్టు వాసన లేదు.